మూడవ సిలిండరు

మోటారు ఇంజనును గూర్చి ఒక సంఘపు కోశాధికారి వ్రాయుటయేమని మీకు తోచవచ్చును. నేను మేస్త్రీని కాను. ముప్పది యొక్క సంవత్సరములు పల్లె బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి విరమించుకొన్నవాడను. అయితే లెక్కలు వచ్చునను గర్వముతో నేను ఒక పడుచువానికి అన్యాయము చేసితిని. దానికి కారణము మూడు అంకెలు. ఆ అంకెలను నేను చదివితిని గాని, చదువవలసిన రీతిగా చదువలేదు. మన పల్లె సంఘములలో ఇప్పుడు కొన్నిటికి పాత వాహనములు కలవు. వానిని తోలువారును కలరు, వారిమీద లెక్కలు చూచువారును కలరు. అందుకొరకు దీనిని వ్రాయుచున్నాను.

మా ఊరు జమ్మలమడుగునకు సమీపమున ఉన్నది. 2006వ సంవత్సరమున మా సంఘము ఒక పాత మారుతి ఓమ్ని వ్యానును కొనెను. అది 1999లో తయారైన బండి. పెట్రోలుతో నడుచును, మూడు సిలిండర్ల చిన్న ఇంజను ముందరి సీట్ల క్రింద ఉండును. ఆదివారము నాడు చుట్టుప్రక్కల పల్లెలనుండి ముసలమ్మలను గుడికి తెచ్చుటకును, కాన్పు నొప్పులు వచ్చిన స్త్రీలను జమ్మలమడుగులో పూర్వము లండను మిషనువారు స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రికి చేర్చుటకును, ప్రొద్దుటూరునుండి సరకులు తెచ్చుటకును, పులివెందుల వైపు కూటములకు వెళ్లుటకును ఆ బండియే మాకు ఆధారము. చావు వచ్చినను పెండ్లి వచ్చినను అదే బండి.

దానిని తోలినవాడు మా సంఘపు పిల్లవాడే. వరుసకు నా తమ్ముని కొడుకు. నన్ను పెదనాయనా అని పిలుచును. పేరు వ్రాయను. పదవ తరగతి తప్పినవాడు గాని, వాని చేతివ్రాత ముత్యములవలె ఉండును. బండిలో ఒక నోటుపుస్తకము పెట్టుకొని, తిరిగిన కిలోమీటర్లు, పోసిన పెట్రోలు, పోసిన ఇంజన్ ఆయిలు తేదీలతో వ్రాసెడివాడు. నెలకొకసారి ఆ పుస్తకము నా యొద్దకు వచ్చెడిది. నేను ఎఱ్ఱ సిరాతో సరిచూచి సంతకము చేసెడివాడను.

2012 ఫిబ్రవరిలో ఆ పుస్తకము చూచుచు ఆగిపోయితిని. మూడు నెలలలో బండి తిరిగినది 6,500 కిలోమీటర్లు. ఆయిలు మార్చుట కాక, మధ్యమధ్య పైన పోసినదే 7 లీటర్లు! అయిదు వేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు మార్చిన చాలునని నేను వినియుంటిని. ఈ ఏడు లీటర్లు ఎక్కడికి పోయినవి? ఇంజను క్రింద నేలమీద చుక్క కూడ పడుట లేదు. వానిని పిలిచి అడిగితిని.

“కాలిపోతాంది పెదనాయనా. ఎనక నీలం పొగ వస్తాది,” అనెను.

నేను ఎన్నో పర్యాయములు ఆ బండిలో కూర్చుంటిని, నీలపు పొగ ఎన్నడు చూడలేదే అంటిని. నేనెప్పుడును ముందరి సీటులోనే కూర్చుందునను మాట నాకు అప్పుడు తోచలేదు. ఆ దినమునుండి అతడు వ్రాసిన ఆయిలు పద్దుల నన్నిటిని ఎఱ్ఱ సిరాతో కొట్టివేసితిని.

మార్చి నెలలో పులివెందులలో ఒక కూటమునకు వెళ్లి తిరిగి వచ్చునప్పుడు బండి లాగలేక ఆగి ఆగి నడిచెను. ఊరి చివర ఒక వర్క్‌షాపు కనబడగా అక్కడ చూపించితిమి. అక్కడి మెకానిక్కు తొందరలో ఉండెను. సీటు ఎత్తి, ఒక ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో గడియారమువంటి గేజి నొకదానిని బిగించి, సెల్ఫు కొట్టుమనెను. తిరిగి ఆ ప్లగ్గు బిగించి రెండవది విప్పెను. అట్లు మూడును చూచి, ఒక బిల్లు కాగితపు వెనుక ప్రక్కను 75, 70, 50 అని వ్రాసి నా చేతికిచ్చెను.

“కంప్రెషన్ లేదు సారూ. ఇంజను పోయింది. దింపి బోరు చేపియ్యాలంటే ఇరవై రెండు వేలు పడతాది. లేదంటే గుజిరీకి ఇచ్చేసుకోండి,” అనెను.

ఇంజను పోయినది, ఆయిలు మాయమైనది. నా లెక్క క్షణములో కుదిరెను. వీడు ఆయిలు అమ్ముకొని, ఆయిలు లేకుండ బండి తోలి, ఇంజనును చంపినాడు! ఆ మాటను నేను ఇంటికి పిలిచి ఒంటరిగా చెప్పలేదు. కమిటీలో చెప్పితిని. ఆ బిల్లు కాగితము బల్లమీద పెట్టి మరీ చెప్పితిని. పిల్లవాడు ఏమియు వాదింపలేదు. బండి తాళములు నోటుపుస్తకము మీద పెట్టి బయటికి వెళ్లిపోయెను. తరువాతి ఆదివారము గుడికి రాలేదు. ప్రభు భోజనపు ఆదివారమున రాగలడనుకొంటిని. ఆ దినమునను రాలేదు. వాని తల్లి ఒంటరిగా వచ్చి, కొంగు మొగమునకు అడ్డము పెట్టుకొని వెనుక చాపమీద కూర్చుండెను. నేను మాత్రము పళ్లెము పట్టుకొని అందరి నడుమ తిరిగితిని. ఆమె యెదుటికి వచ్చినప్పుడు నా చేయి వణకిన సంగతి ఆమె చూచెనో లేదో.

బండిని అమ్ముటకు కమిటీవారు తీర్మానించిరి. అమ్మకమునకు ముందు వెల తెలిసికొనుటకై నేను ఒక కూలి డ్రైవరును పెట్టుకొని ఏప్రిల్ నెలలో ప్రొద్దుటూరునకు తీసికొనిపోయితిని. ప్రొద్దుటూరు అనగానే బంగారపు అంగళ్లు, ప్రత్తి వ్యాపారము మనకు జ్ఞాపకము వచ్చును. నేను వెదకిపోయినది బజారుకు ఎడముగా ఒక వేపచెట్టు క్రింద పని చేసికొను ముసలి మేస్త్రీని. డెబ్బది ఏండ్ల మనిషి. అంబాసిడర్ల కాలమునుండి ఇంజనులు విప్పినవాడు.

నేను బిల్లు కాగితము చూపితిని. ఆయన దానిని చదివి, వెనుకకు త్రిప్పి చూచి, తిరిగి చదివెను.

“ఇది చూసినప్పుడు బ్యాటరీ ఎట్లుండె సారూ?”

బ్యాటరీ నీరసముగనే ఉండెను. దారిలో రెండు సారులు తోసితిమని చెప్పితిని.

“ప్లగ్గులు మూడూ ఒక్కతూరే ఇప్పినాడా, ఒగోటిగా ఇప్పినాడా?”

ఒక్కొక్కటిగా.

“ఎక్సిలేటరు తొక్కిపెట్టినారా?”

ఎవరును తొక్కలేదు.

ఆయన కాగితము మడిచి నాకిచ్చివేసెను. “ఇది ఇంజను కొలత కాదు సారూ, బ్యాటరీ కొలత,” అనెను.

ఇక్కడ కొంచెము వివరింపవలెను. సైకిలు పంపు చివర బొటనవ్రేలు పెట్టి మూసి, పంపు నొక్కిన యెడల లోపలి గాలి వ్రేలిని బయటికి నెట్టును గదా. ఇంజనులో పిస్టను పైకి వచ్చునప్పుడు గాలిని అట్లే నొక్కును. దానినే కంప్రెషన్ అందురు. ప్లగ్గు తీసిన రంధ్రమున గేజి పెట్టిన యెడల ఎంత బలముగా నొక్కుచున్నదో ముల్లు చూపును. చదరపు అంగుళమునకు ఇన్ని పౌండ్లని మేస్త్రీలు చెప్పుదురు. అదే గేజిలో లోపలి వరుసలో కిలోల లెక్కయు ఉండును. గాలి నిలువవలెనంటే పిస్టను చుట్టును ఉన్న రింగులు సిలిండరు గోడను అంటియుండవలెను. వాల్వులు తమ సీట్లమీద గట్టిగా కూర్చుండవలెను. తలకాయకును దిమ్మెకును నడుమనున్న గాస్కెట్టు చెడకుండవలెను. ఈ మూటిలో ఏది కారినను అంక తగ్గును. అయితే పంపును మెల్లగా నొక్కిన యెడల మంచి పంపు గూడ వ్రేలిని నెట్టలేదు. బ్యాటరీ నీరసమైనప్పుడును, తక్కిన ప్లగ్గులు బిగించియుండి సెల్ఫు మోటారునకు బరువెక్కినప్పుడును ఇంజను మెల్లగా తిరుగును. ఎక్సిలేటరు తొక్కనిదే లోపలికి చాలినంత గాలి పోదు. లేని గాలిని పిస్టను ఎట్లు నొక్కును?

ఆసుపత్రిలో రక్తపుపోటు చూచు నర్సమ్మ నన్నొకసారి “మెట్లెక్కి వచ్చినావు, అయిదు నిమిషాలు కూర్చో తాతా” అని కూర్చుండబెట్టినది జ్ఞాపకము వచ్చెను. ఆమె నా యెడల చూపిన ఓపికను నేను నా తమ్ముని కొడుకు యెడల చూపలేదు.

మేస్త్రీ ఆ దినమంతయు మా బండితోనే గడిపెను. మొదట ప్రొద్దుటూరు వీధులలో పదిహేను నిమిషములు త్రిప్పి ఇంజను వేడెక్కించెను. బాగుగా చార్జి అయిన వేరొక బ్యాటరీని తగిలించెను. కాయిలు వైరు తీసివేసెను. మూడు ప్లగ్గులును ఒకేసారి విప్పి, వరుసగా ఒక గుడ్డమీద పెట్టెను. మూడింటి కొనలును నల్లగా తడిగా ఉండెను. కూలి డ్రైవరును ఎక్సిలేటరు పూర్తిగా తొక్కిపట్టుమని, సెల్ఫు కొట్టుమనెను. ఒక్కొక్క సిలిండరునకు ఆరు నెట్టులు. నేను బడిపంతులను గనుక ప్రతి నెట్టునకును ముల్లు ఎక్కడికి వచ్చినదో వ్రాయుమని నాకు కాగితము ఇచ్చెను.

మొదటి సిలిండరు: 55, 85, 105, 118, 126, 130.

రెండవది చివరకు 125.

మూడవది: 50, 72, 84, 89, 90, 90.

ఈ మాదిరి ఇంజను కొత్తదిగా ఉన్నప్పుడు 170 వరకు తాను చూచితినని మేస్త్రీ చెప్పెను. “అయితే మూడూ పోయినట్లే గదా,” అంటిని.

“కొత్తదాంతో పోల్చొద్దు సారూ. రెండు లక్షల ముప్పై నాలుగు వేలు తిరిగిన బండి ఇది. ముసలోన్ని పడుచోనితో పరుగు పెట్టిచ్చి ఓడిపోయినాడంటే ఎట్ల? ముందు దాని అన్నదమ్ములతో పోల్చు,” అనెను.

అన్నదమ్ములనగా తక్కిన సిలిండర్లు. ఎక్కువ చూపినదానిలో ముప్పాతిక వంతైనను తక్కువదానికి ఉండవలెనని ఆయన లెక్క. 130లో ముప్పాతిక 97న్నర. రెండవది గెలిచెను, మూడవది తప్పెను. నేను జేబులోనుండి పులివెందుల కాగితము మరల తీసితిని. 75లో ముప్పాతిక 56కు పైన. అక్కడను మూడవదే 50తో తప్పెను. ఆ కొలత తప్పు కొలతయే గాని, తోడివానితో పోల్చినప్పుడు దానిలో గూడ ఒక నిజము దాగియుండెను. నేను దానిని చూడలేదు. నాకు కనబడినది అంకెలు చిన్నవగుటయే.

అటుతరువాత మేస్త్రీ అంకెల వరుసను చదువుట నేర్పెను. ఇది నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించెను. ఆరోగ్యముగల సిలిండరులో మొదటి నెట్టునకే ముల్లు చాల దూరము పోవును. రింగులు అరిగినదానిలో మొదట తక్కువగా లేచి, నెట్టు నెట్టునకు కొంచెము కొంచెముగా ఎక్కుచు పోవును. మా మొదటి సిలిండరు అట్లే ఎక్కెను. వాల్వు కారుచున్నదానిలో మొదటను తక్కువే, తరువాతను ఒకచోట నిలిచిపోవును; మా మూడవది 90 దగ్గర నిలిచిపోయెను. ప్రక్క ప్రక్కనున్న రెండు సిలిండర్లు రెండును ఒకే రీతిగా పడిపోయిన యెడల నడుమ గాస్కెట్టు మీద అనుమానపడవలెను. కొత్త ఇంజను కంటె ఎక్కువ అంక చూపినను సంతోషింపరాదు. లోపల మసి గడ్డకట్టి చోటు తగ్గినదని దాని అర్థము.

“గీటురాయి మీద ఒక్క గీత గీసి బంగారం ఎల చెప్పరు సారూ మా ఊర్లో. ఆమ్లం పోసి సూస్తారు. ఇప్పుడు మనమూ పోస్తాము,” అని నవ్వి, నూనె డబ్బా తీసికొని ఒక్కొక్క ప్లగ్గు రంధ్రములో ఒక చెంచాడు ఇంజన్ ఆయిలు వేసెను. ఎక్కువ పోయరాదట; ఎక్కువైన యెడల ఆయిలే చోటు ఆక్రమించి అంకను అబద్ధముగా పెంచును. రింగులు అరిగియున్న యెడల ఆ ఆయిలు సందులలో నిండి కాసేపు గాలిని ఆపును, అంక పెరుగును. వాల్వు చెడియున్న యెడల ఆయిలు దానిని ముట్టదు గనుక అంక పెరుగదు.

మొదటిది 130నుండి 158కి లేచెను. రెండవది 155. మూడవది 97.

మేస్త్రీ నోటితో చెప్పకముందే నాకు అర్థమయ్యెను. మంచివని నేను అనుకొన్న మొదటి రెండు సిలిండర్లలో రింగులు అరిగి ఆయిలును పైకి వదలుచున్నవి. ఆ ఆయిలు కాలి పొగయై వెనుకకు పోవుచున్నది. ఇంజనును చంపినదని అందరము నిందించిన మూడవదానిలో, మూల తప్పు ఒక్క వాల్వుది.

ఇంకొక సాక్ష్యము కావలెనని మేస్త్రీ అనెను. ప్రక్కనున్న పంక్చరు అంగడినుండి గాలి గొట్టము తెప్పించి, మూడవ పిస్టనును పైకి నిలిపి, గేరులో వేసి బండి కదలకుండ చేసి, ప్లగ్గు రంధ్రముగుండ గాలి వదలెను. “సైలెన్సరు కాడ చెవి పెట్టు సారూ,” అనెను. నేను నేలమీద మోకాళ్లూని చెవి పెట్టితిని. బుస్సుమను శబ్దము స్పష్టముగా వినబడెను. పొగ పోవు వాల్వు సరిగా మూసికొనుట లేదు. అదే పని మొదటి సిలిండరునకు చేసినప్పుడు సైలెన్సరు దగ్గర నిశ్శబ్దము. ఆయిలు పోయు మూత తీసి చెవి పెట్టగా అక్కడ వినబడెను. గాలి రింగుల సందున క్రిందికి దిగుచున్నది.

“దీన్ని తోలేవాడు యాడ? ఈ అబ్బి కాదే,” అని మేస్త్రీ అడిగెను. “ఇంజను సంగతి గేజి సగం చెప్తాది, రోజూ తోలేవాడు సగం చెప్తాడు.”

వాడు మానుకొన్నాడని చెప్పితిని. అబద్ధము కాదు గాని, నిజమును కాదు. వాని పుస్తకము మాత్రము నా సంచిలో ఉండెను. దొంగతనమునకు ఋజువుగా దాచుకొన్న పుస్తకమది. మేస్త్రీ కళ్లద్దములు పెట్టుకొని ఒక్కొక్క పుట త్రిప్పి చదివెను. 2009లో ఒక లీటరు ఆయిలు పోసిన తరువాత 2,500 కిలోమీటర్లు. 2010లో 1,800. 2011లో 1,300. ఇప్పుడు 900.

“మెట్టు మెట్టుగా దిగింది చూడు సారూ. దొంగ చేయి ఇంత లెక్కగా ఉండదు. ఇది రింగు అరుగుదల. ఈ అబ్బి డాక్టరు మాదిరి రాసినాడు. ఈ ఎర్రగీతలేంది? ఎవురు కొట్టేసినారు?”

నేను జవాబు చెప్పలేదు. ఆయన నా జేబులోని ఎఱ్ఱ కలమును చూచి మరల అడుగలేదు.

చదువరులారా, నా కథ అక్కడితో ముగిసియుండిన నా గర్వము కొంతవరకైనను మిగిలియుండెడిది. అయితే మేస్త్రీ రింగులు ఇంత త్వరగా ఎందుకు అరిగెనో చూతమని ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పెను. లోపలి కాగితపు ఫిల్టరు మట్టిరంగు తిరిగి, ఒక అంచున వ్రేలు దూరునంత చినిగియుండెను. ఫిల్టరునకు అవతల, ఇంజనుకు పోవు గొట్టములో ఆయన వ్రేలు పెట్టి తీసి నా అరచేతిలో రాచెను. గరగరలాడెను.

మన దారులు మీకు తెలియును. ఎఱ్ఱగుంట్ల చుట్టుప్రక్కల నాపరాయి గనులు, బండలు కోయు మిషనులు, సిమెంటు లారీలు. ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రపు బూడిద లారీలు. ఎండాకాలమున పులివెందుల దారిలో ముందరి లారీ లేపిన దుమ్ములో దీపములు వేసికొని తోలవలసి వచ్చును. నేలలోని ఇసుకరేణువు ఇనుముకంటె గట్టిది. అది ఆయిలుతో కలిసి సిలిండరు గోడకు రాచుకొనుచు, సానరాయివలె రింగును అరగదీయును. ఒక మంచి ఫిల్టరు దానిని ఆపును. 2012లో దాని వెల రెండువందల రూపాయలు లేదు.

మేస్త్రీ చేతిలోని పుస్తకము తీసికొని నేను వెనుకటి పుటలు త్రిప్పితిని. 2010 ఆగస్టులో: ఎయిర్ ఫిల్టరు మార్చవలెను. ప్రక్కన ఎఱ్ఱ సిరాతో, నా వ్రాతతో: తరువాత చూతము. 2011 జనవరిలో మరల. తరువాత చూతము. 2011 జూన్‌లో, చినిగినది, తప్పక మార్చవలెను, అని క్రింద గీత గీసి. తరువాత చూతము. ఆ సంవత్సరము గుడికి సున్నము వేయించు ఖర్చు ఉండెను. నేను పైసా పైసా కూడబెట్టు కోశాధికారినని పేరు తెచ్చుకొన్నవాడను.

వేపచెట్టు క్రింద రాతిమీద కూర్చుండి కాసేపు ఏమియు మాట్లాడలేకపోయితిని. మేస్త్రీ టీ తెప్పించెను.

తరువాత ఆయన చేసిన పని గంటన్నరకు మించలేదు. ఇంజను చల్లారనిచ్చి, పైమూత విప్పి, టాపెట్ల సందులు చూచెను. మూడవ సిలిండరు పొగవాల్వు దగ్గర సందే లేదు. ఏండ్ల తరబడి వాల్వును దాని సీటును ఒకదానినొకటి అరగగొట్టుకొని, వాల్వు పైకి జరిగి, సందు మూసికొనిపోయినది. అందుచేత అది పూర్తిగా కూర్చుండలేకపోయెను. “చప్పుడు చేసే టాపెట్టుకు భయపడొద్దు సారూ, అది నోరు తెరిచి చెప్తాది. బిగుసుకున్నది చప్పుడు చెయ్యదు, వాల్వును కాల్చేస్తాది,” అనెను. వాల్వు ఇంకను కాలియుండలేదు. కాలియుండిన తలకాయ విప్పక తప్పెడిది కాదు. స్క్రూను కొంచెము వదులు చేసి, సందు సరిపెట్టి, నట్టు బిగించెను. తిరిగి ఇంజను వేడిచేసి కొలిచితిమి. మూడవది 122.

130, 125, 122. ముసలి ఇంజను, మూడును దగ్గర దగ్గరగా.

రింగుల మాట అడిగితిని. “ఇప్పుడే ఇంజను దింపొద్దు,” అనెను. ఆయిలు తాగును, తాగనిమ్మనెను. వారమునకు ఒకసారి పుల్ల తీసి చూచి తక్కువైనంత పోయవలెను, ఎన్నడును అడుగంటనియ్యరాదు, దుమ్ము దారిలో ఫిల్టరు విషయమున పిసినారితనము చేయరాదు. తొమ్మిదివందల కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిలు వెలను ఇరవై రెండు వేలతో పోల్చి చూచుకొమ్మనెను. ఆ లెక్క నాకు కష్టము కాలేదు. టాపెట్ల పనికి ఆయన అడిగినది మూడువందలు.

ఇంటికి వచ్చు దారిలో ఒకచోట బండి ఆపించి నేను వెనుకకు దిగితిని. కూలి డ్రైవరును ముందుకు సాగి ఎక్సిలేటరు గట్టిగా తొక్కుమంటిని. సాయంకాలపు ఎండలో నీలపు పొగ సన్నగా లేచి దారిమీద వ్రేలాడెను. ఆరేండ్లలో నేను చూచుట అదే మొదటిసారి.

పిల్లవాడు అప్పటికి ఎఱ్ఱగుంట్ల ప్రక్కన బండలు కోయు చోట కూలికి పోవుచుండెను. రాత్రి నేను వెళ్లునప్పటికి అప్పుడే పనినుండి వచ్చి, తలనిండ తెల్లని రాతిపొడితో బావి దగ్గర నిలిచియుండెను. నన్ను చూచి వాని తల్లి లోపలికి వెళ్లిపోయెను. నేను చెప్పదలచిన మాటలు దారిలో వల్లించుకొంటిని గాని, ఒక్కటియు రాలేదు. మూడు అంకెల కాగితము వాని చేతికిచ్చితిని. వాడు లాంతరు దగ్గరకు పోయి చదివెను. 158, 155, 97 అను వరుస చూచి, “మూడోదాంట్లో వాల్వు గదా,” అనెను.

“అవును రా. నీవు దొంగవు కావు. నేనే తప్పు చేసినాను,” అంటిని.

వాడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత, “కమిటీలో అన్నావు పెదనాయనా,” అనెను. అంతే.

కమిటీలో అన్న మాట కమిటీలో మాత్రమే నిలిచియుండలేదు, ఊరంతయు తెలిసినది. కనుక తరువాతి ఆదివారము ఆరాధన ముగియకముందే అయ్యగారి అనుమతితో నేను లేచి నిలిచి, జరిగినదంతయు, ఫిల్టరు సంగతితో సహా, సంఘము యెదుట చెప్పితిని. ఫిల్టరు సంగతి చెప్పుటయే నాకు ఎక్కువ కష్టమైనది. వాడు ఆ దినము రాలేదు. వాని తల్లి వచ్చెను; కొంగు అడ్డము పెట్టుకొనలేదు. మూడు వారముల తరువాత వాడును వచ్చి, ద్వారము దగ్గర నిలిచి, పాట అయిపోయిన తరువాత లోపలికి వచ్చి కూర్చుండెను. తాళములు తీసికొనుటకు ఇంకొక నెల పట్టెను. ఆ బండి 2016 వరకు మా సంఘమునకు పనిచేసి, 2,81,000 కిలోమీటర్ల దగ్గర అమ్ముడుపోయెను. ఆ నాలుగేండ్లలో రింగులు మార్పించలేదు. చివరి ఏడు ఏడువందల కిలోమీటర్లకే లీటరు తాగెను. ఆ పద్దులన్నియు పుస్తకములో ఉన్నవి.

తాళములు తీసికొన్న ఆ సాయంకాలము వాడు పుస్తకము తెరచి నా ముందర పెట్టెను. నేను నా ఎఱ్ఱ కలమును ఇంటిలోనే ఉంచి, నల్ల కలము తెచ్చుకొంటిని. కొట్టివేసిన ఒక్కొక్క ఆయిలు పద్దు ప్రక్కను, సరియైనదని వ్రాసి సంతకము చేసితిని. పదునాలుగు సంతకములు. ముగిసినదనుకొని కలము మూయబోతిని. వాడు పుటలు వెనుకకు త్రిప్పి, 2010 ఆగస్టు పుట తీసి, తరువాత చూతమను మాటమీద వ్రేలు పెట్టెను.

మరునాడు ఉదయపు బస్సులో నేనే ప్రొద్దుటూరు పోయి రెండు ఫిల్టర్లు తెచ్చితిని. రెండవది దాచి ఉంచుటకు. దాని రసీదు ఇప్పటికిని ఆ పుటలోనే అంటించియున్నది.